డేటా సెంటర్ సర్వర్లకు కట్టుదిట్టమైన ఆపరేటింగ్ సిస్టమ్: ఎవరికి ఏది కుదురుతుంది

తిరుపతిలో కూర్చుని చెన్నై డేటా సెంటర్లలోని సర్వర్లను చూసుకునేవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. సర్వర్ అక్కడ, మనిషి ఇక్కడ. మధ్యలో పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా సుమారు 135 కిలోమీటర్ల దారి. ఆ పనిలోనే ఉన్న నన్ను ఆసుపత్రుల ఐటీ విభాగాల వారు, కళాశాలల వారు, రేణిగుంట పక్క కొత్తగా వచ్చిన పరిశ్రమల వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: అన్నిటికంటే భద్రమైన ఆపరేటింగ్ సిస్టమ్ ఏది? కాగితం మీద దానికి జవాబు చెప్పవచ్చు, కానీ ఆ జవాబును నమ్మి సర్వర్లు కొన్నవారికి ఒరిగేది తక్కువ. చేతిలో ఉన్న ఐదారుగురితో, కొన్ని వందల నుంచి రెండు వేల దాకా ఉన్న సర్వర్ల మీద, రక్షణలను ఒక్క రాత్రి కూడా ఆపివేయకుండా ఎనిమిది, పదేళ్లు నడపగలిగేది ఏది అన్నదే ఈ పోలికకు నేను పెట్టుకున్న గీటురాయి.

ఆ గీటురాయి ఊరికే రాలేదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట వెబ్ అప్లికేషన్‌ను కొత్త డిస్కులోకి మార్చాము. రాత్రి పదకొండు దాటాక ఆ అప్లికేషన్ తన ఫైళ్లనే తాను చదవలేకపోయింది. చూడబోతే అనుమతులన్నీ సరిగానే ఉన్నాయి. మాలో ఒకరు ఏ ప్రోగ్రాము దేనిని ముట్టుకోవచ్చో కట్టడి చేసే సెలినక్స్ అనే లినక్స్ రక్షణను పర్మిసివ్ స్థితికి, అంటే ఏదీ ఆపకుండా నమోదు మాత్రమే చేసే స్థితికి, మార్చగానే సైటు లేచింది, అందరం ఇళ్లకు వెళ్లిపోయాము, ఆ మార్పును కాన్ఫిగరేషన్ ఫైల్లో కూడా రాసేసి మరచిపోయాము. పద్నాలుగు నెలల తర్వాత ఆడిట్ జరిగినప్పుడు చూస్తే, అదే ఇమేజ్ నుంచి, అంటే అదే మూల నకలు నుంచి, పుట్టిన సర్వర్లు వేటిలోనూ ఆ రక్షణ పనిచేయడం లేదు. అసలు కారణం చాలా చిన్నది. హోమ్ డైరెక్టరీ నుంచి ఫైళ్లను 'ఎంవీ' ఆదేశంతో తరలిస్తే, సెలినక్స్ చూసే వాటి పాత లేబుల్ వాటితోనే వస్తుంది, 'సీపీ'తో నకలు తీస్తే కొత్త చోటి లేబుల్ పడుతుంది. కొత్త డైరెక్టరీకి ఏ లేబుల్ ఉండాలో విధానంలో చెప్పి, లేబుళ్లను సరిచేసే 'రిస్టోర్‌కాన్' ఒక్కసారి నడిపి ఉంటే ఐదు నిమిషాల్లో తీరిపోయేది.

ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు

తిరుమలకు వెళ్లే వాహనాన్ని అలిపిరిలో తనిఖీ చేస్తారు. అంతమాత్రాన కొండ మీద క్యూ కాంప్లెక్సులో తనిఖీ మానరు. సర్వర్లో కూడా హార్డ్‌వేర్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్, దాని గుండె అయిన కెర్నెల్, దాని మీద నడిచే సేవలు ఒక్కొక్కటిగా తమ తర్వాతి దానిని పరీక్షించుకుంటూ పోవాలి. సర్వర్‌ను దూరం నుంచి నడపడానికి మదర్‌బోర్డు మీద ఉండే బీఎంసీ అనే చిన్న కంప్యూటర్‌ను, అంటే డెల్‌లో ఐడ్రాక్ అనీ హెచ్‌పీఈలో ఐఎల్ఓ అనీ పిలిచే దానిని, సాధారణ నెట్‌వర్క్‌కు తగిలించి వదిలేసిన చోట ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే దానిలోకి చొరబడినవాడు సర్వర్‌ను ఆపగలడు, తన డిస్క్ ఇమేజ్‌తో తిరిగి లేపగలడు. దానికి వేరే నెట్‌వర్క్, వీపీఎన్ దారి, మార్చిన పాస్‌వర్డ్ ఉన్నాయని నిర్ధారించుకున్నాకే మిగతా మాట.

సంతకం సరిగా ఉన్న బూట్‌లోడర్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ విషయంలో కొనుగోలుదారులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. 2011 నాటి మైక్రోసాఫ్ట్ సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. లినక్స్ బూట్‌లోడర్లలో ఎక్కువ భాగం ఇన్నాళ్లూ వాటితో చేసిన సంతకం మీదే లేచాయి. ఇప్పటికే నడుస్తున్న సర్వర్ ఆ రోజుకు ఆగిపోదు కానీ, కొత్త సంతకంతో వచ్చే బూట్‌లోడర్లను నమ్మాలంటే ఫర్మ్‌వేర్లో 2023 నాటి సర్టిఫికెట్లు ఉండాలి. పాత సర్వర్లను చవకగా కొనేవారు దీనిని ఆర్డరుకు ముందే అడగడం మంచిది.

పోలికకు ఒక రోజు

రకరకాల వ్యవస్థలను పోల్చడానికి నేను 2024 జులై 1ని వాడుకుంటాను. ఆ రోజు క్వాలిస్ భద్రతా సంస్థ 'రిగ్రెస్‌ఎస్ఎస్‌హెచ్' పేరుతో సీవీఈ-2024-6387 అనే లోపాన్ని బయటపెట్టింది. జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ వాడే లినక్స్ సర్వర్లలో, లాగిన్ కూడా కాకుండానే, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ద్వారా రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, చేజిక్కించుకునే అవకాశం అందులో ఉంది. 2006లో ఒకసారి సరిదిద్దిన లోపమే 8.5పీ1 వెర్షన్‌లో పొరపాటున తిరిగి వచ్చింది. ఆ రోజున ఏ వ్యవస్థ ఎక్కడ నిలిచిందో చూస్తే, అమ్మకందారుల కరపత్రాల్లో లేని సంగతులు కొన్ని బయటపడతాయి.

రెడ్‌హ్యాట్ కుటుంబం

రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 ఆ లోపానికి గురయింది. అంతకన్నా పాతదైన 8 గురికాలేదు, ఎందుకంటే దానిలోని ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ లోపం తిరిగి రాకముందు నాటిది. అలాగని పాతది వాడితే భద్రమని అనుకోనక్కరలేదు. ఈ కుటుంబం ప్యాకేజీల వెర్షన్లను పెంచకుండా, భద్రతా సవరణలను మాత్రం పాత వెర్షన్లలోకే తెచ్చి అతుకుతుంది. కొత్త లోపాలు ఆలస్యంగా రావడం దీని లాభం. వెర్షన్ సంఖ్యను మాత్రమే చూసే స్కానర్ అక్కరలేని చోట కూడా ఎర్ర గుర్తు పెట్టడం, ప్రతి ఆడిట్‌లో దానికి సంజాయిషీ రాసుకోవలసి రావడం దీని నష్టం.

ఈ కుటుంబానికి ప్రాణం సెలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ తయారు చేసి 2000 డిసెంబరులో బయటపెట్టిన ఈ ఏర్పాటు 2003లో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. ప్రతి ఫైలుకు, ప్రతి ప్రాసెస్‌కు ఒక లేబుల్ ఉంటుంది. ఏ లేబుల్ ఉన్నది ఏ లేబుల్ ఉన్నదానిని ముట్టుకోవచ్చో విధానంలో రాసి ఉంటుంది. అక్కడ రాయనిది రూట్ అడిగినా జరగదు. కంటైనర్లు, అంటే ఒకే కెర్నెల్ మీద విడివిడి గదుల్లా నడిచే అప్లికేషన్లు, నడిపేవారికి దీని విలువ 2019 ఫిబ్రవరిలో తెలిసింది. కంటైనర్లో ఉన్నవాడు హోస్ట్ సర్వర్లో కంటైనర్లను నడిపే రన్‌సీ ఫైలునే మార్చివేసే సీవీఈ-2019-5736 బయటపడినప్పుడు, రెడ్‌హ్యాట్ 7లో సెలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో, అంటే నిజంగా ఆపే స్థితిలో, ఉన్నచోట ఆ దాడి ఆగింది. ఉబుంటు వాడే యాప్‌ఆర్మర్ రక్షణ డిఫాల్ట్ విధానం దానిని ఆపలేదు. అయితే రిగ్రెస్‌ఎస్ఎస్‌హెచ్ వంటి లోపంలో సెలినక్స్ చేసే సాయం పరిమితం, ఎందుకంటే అందరినీ లోపలికి పంపవలసిన ద్వారపాలకుడికి విశాలమైన అధికారాలు ఇవ్వక తప్పదు.

రెడ్‌హ్యాట్ చందా కట్టలేనివారు దానికి అనుగుణంగా ఉచితంగా వచ్చే ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ వైపు చూస్తారు. రెడ్‌హ్యాట్‌కు ఉచిత ప్రతిగా ఉండిన సెంట్ఓఎస్ 8కు 2029 దాకా మద్దతు ఉంటుందనుకున్నవారికి 2021 డిసెంబరు 31నే అది ముగిసింది. సెంట్ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30న తీరింది. ఆ ఖాళీలో 2021లో పుట్టిన ఈ రెండూ ఒక్కో ప్రధాన వెర్షన్‌కు పదేళ్ల మద్దతు ఇస్తామంటున్నాయి. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ తన సోర్సును అందరికీ పెట్టడం ఆపాక, రాకీ అచ్చంగా అదే ప్రతిని తయారు చేసే దారిలో ఉండిపోయింది. ఆల్మా మాత్రం అప్లికేషన్లు అలాగే నడిస్తే చాలునని, లోపం కనిపించిన చోట తానే ముందుగా సవరణ ఇచ్చే దారి పట్టింది. రెడ్‌హ్యాట్‌కు మాత్రమే ధ్రువీకరణ ఇచ్చే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఆ సర్వర్లకు చందా కట్టి, మిగిలిన వందల సర్వర్లకు ఆల్మా పెట్టడం నేను ఇచ్చే సలహా. పాత హార్డ్‌వేర్ ఉన్నవారికి మరో కారణం కూడా ఉంది: రెడ్‌హ్యాట్ 10కు ఎక్స్86-64-వీ3 సూచనలున్న ప్రాసెసర్ తప్పనిసరి, అంటే హాస్వెల్ తరానికి ముందు సర్వర్లు పనికిరావు, ఆల్మా 10 మాత్రం వాటికోసం వీ2 ప్రతిని విడిగా ఇస్తోంది.

ఉబుంటు, డెబియన్, సూసే

ఉబుంటు ఎల్టీఎస్ (దీర్ఘకాల మద్దతు వెర్షన్) నేర్చిన మనుషులు మన ప్రాంతంలో సులువుగా దొరుకుతారు. కళాశాలల్లో ల్యాబులు దానిమీదే నడుస్తున్నాయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే అర్ధరాత్రి ఫోనెత్తేవారికి తెలిసిన వ్యవస్థ మీద రక్షణను ఆపివేయాలన్న తొందర తక్కువ. దీని యాప్‌ఆర్మర్ లేబుళ్ల జోలికి పోకుండా ఫైలు దారిని చూసి అనుమతిస్తుంది, ప్రొఫైల్‌ను తెరిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సులువుకు వెల ఉంది: ప్రొఫైల్ రాయని సేవకు ఏ కట్టుబాటూ ఉండదు, ఉబుంటులో అలాంటి సేవలు చాలానే ఉన్నాయి. నా లెక్కలో సెలినక్స్ గోడ ఎత్తైనది, యాప్‌ఆర్మర్ గోడ జనం పడగొట్టకుండా ఉంచేది. సెలినక్స్ తెలిసిన మనిషి జట్టులో ఒక్కరైనా లేకపోతే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

ఉబుంటు కొనేవారు తరచుగా పట్టించుకోని మెలిక ఒకటుంది. ఐదేళ్ల ఉచిత మద్దతు 'మెయిన్' విభాగంలోని ప్యాకేజీలకు. 'యూనివర్స్' విభాగంలోని వేలాది ప్యాకేజీలకు భద్రతా సవరణల హామీ కావాలంటే, మద్దతు పదేళ్లకు పెరగాలంటే, ఉబుంటు ప్రో చందా ఉండాలి. సర్వర్లలో యూనివర్స్ నుంచి ఏమేమి దిగాయో లెక్క తీయకుండా ఉబుంటు ఉచితమే కదా అని తేల్చడం తొందరపాటు. రీబూట్ లేకుండా కెర్నెల్‌ను సరిచేసే లైవ్‌ప్యాచ్ సేవ, సీఐఎస్ సంస్థ భద్రతా నియమాలను వర్తింపజేసే సాధనం కూడా ఆ చందాలోనే వస్తాయి. రెడ్‌హ్యాట్‌లో కేప్యాచ్ అదే పని చేస్తుంది.

డెబియన్ గురించి చెప్పవలసింది తక్కువ, చెడ్డది ఇంకా తక్కువ. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని తవ్వుకుంటూ పోయి ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దాచిన దొడ్డిదారిని కనిపెట్టినప్పుడు, ఆ 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్ పరీక్షా శాఖల్లోకి వచ్చాయి కానీ స్టేబుల్ అనే అసలు విడుదలలోకి రాలేదు. ఆ నిదానమే దానికి రక్ష. సమస్య వచ్చినప్పుడు ఫోను చేయడానికి ఒక కంపెనీ కావాలనే యాజమాన్యాలకు మాత్రం ఇది నప్పదు. ఇక సూసే మంచి వ్యవస్థే, ముఖ్యంగా సాప్ వ్యాపార సాఫ్ట్‌వేర్ నడిపేవారికి. ఇన్నాళ్లూ యాప్‌ఆర్మర్‌తో నడిచిన సూసే కూడా 16వ వెర్షన్‌తో సెలినక్స్ వైపు మారింది. సాప్ లేనివారు దానికోసం ప్రత్యేకంగా వెళ్లవలసిన అవసరం నాకు కనిపించలేదు.

మార్చడానికి వీల్లేని వ్యవస్థలు

పైన చెప్పినవన్నీ ముందు సాధారణంగా పుట్టి, ఆ తర్వాత మనం స్క్రిప్టులతో బిగించేవి. మా వైపు మాటలో చెప్పాలంటే అది పుత్తూరు కట్టు: కట్టేవాడు నేర్పరి అయితే ఎముక చక్కగా అతుక్కుంటుంది, కానీ కట్టు కదలకుండా చూసుకోవలసింది మనమే. టాలోస్ లినక్స్, ఫ్లాట్‌కార్, బాటిల్‌రాకెట్ వంటివి మరో దారిలో పుట్టాయి. వీటిలో ఆపరేటింగ్ సిస్టమ్ భాగం చదవడానికి మాత్రమే వీలుగా ఉంటుంది. నవీకరణ అంటే ఒక్కో ప్యాకేజీని మార్చడం కాదు, మొత్తం ఇమేజ్‌ను పక్క విభాగంలో దించి, దాని నుంచి లేచి, కుదరకపోతే పాత విభాగానికి తిరిగి పోవడం. వెయ్యి సర్వర్లున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ప్యాకేజీలతో నడిచే వెయ్యి సర్వర్లు రెండేళ్లకు వెయ్యి రకాలుగా తయారవుతాయి. ఇమేజ్‌తో నడిచేవి అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

టాలోస్‌లో ఎస్ఎస్‌హెచ్ లేదు, షెల్ కూడా లేదు. సర్టిఫికెట్‌తో పలికే ఏపీఐ ఒక్కటే దారి. అందువల్ల 2024 జులై 1 వార్త వచ్చినప్పుడు టాలోస్ సర్వర్ల యజమానులు చేయవలసిన పని ఏమీ లేదు. బాటిల్‌రాకెట్‌ను అమెజాన్ 2020లో తెచ్చింది; రూట్ విభాగాన్ని, అందులోని మార్పులను పట్టే డీఎం-వెరిటీ కాపాడుతుంది, సెలినక్స్ ఎప్పుడూ ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది, కానీ అది ప్రధానంగా అమెజాన్ క్లౌడ్ కోసం తయారైనది కనుక సొంత ర్యాకులు ఉన్నవారి పోలికలో దానికి చోటు చిన్నది. ఫ్లాట్‌కార్ పాత కోర్ఓఎస్ కంటైనర్ లినక్స్ వారసత్వం. షెల్, ఎస్ఎస్‌హెచ్ ఉంటాయి కాబట్టి అలవాటు పడటం తేలిక.

ఇవి కుబర్నెటిస్ నోడ్లకు, అంటే కంటైనర్లను సర్వర్ల గుంపు మీద నడిపే వ్యవస్థలోని సర్వర్లకు, చక్కగా సరిపోతాయి, మరిదేనికీ అంతగా సరిపోవు. పాత ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, సొంత ఇన్‌స్టాలర్‌తో వచ్చే అకౌంట్స్ ప్రోగ్రామ్, డ్రైవర్ కావలసిన బ్యాకప్ ఏజెంట్ ఉన్నచోట టాలోస్ పెట్టమని నేను ఎవరికీ చెప్పను. పైగా షెల్ లేని సర్వర్ మొండికేసినప్పుడు లాగులన్నీ, అంటే సర్వర్లో జరిగినవాటి నమోదులన్నీ, ముందే బయటికి చేరుతూ ఉండకపోతే చీకట్లో తడుముకోవడమే. మధ్యేమార్గం కావలసినవారు రెడ్‌హ్యాట్‌లో వచ్చిన ఇమేజ్ మోడ్‌ను చూడవచ్చు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్‌నే కంటైనర్ ఇమేజ్‌లా తయారు చేసి సర్వర్లకు పంపుతారు, సెలినక్స్ దానితోపాటే వస్తుంది.

బీఎస్‌డీలు, విండోస్

లినక్స్ కాని యునిక్స్ కుటుంబపు ఓపెన్‌బీఎస్‌డీ తన సిగ్నల్ హ్యాండ్లర్‌ను సురక్షితంగా రాసుకున్నందున రిగ్రెస్‌ఎస్ఎస్‌హెచ్‌కు గురికాలేదు. ప్లెడ్జ్, అన్‌వెయిల్ అనే రెండు ఏర్పాట్లతో ప్రోగ్రాములే తమ అధికారాలను తాము వదులుకునే దాని పద్ధతి నాకు ఎంతో ఇష్టం. అయినా ఆరు నెలలకో విడుదల, చివరి రెండింటికే మద్దతు అంటే ఏడాదికోసారైనా ప్రతి సర్వర్‌ను మార్చవలసిందే. వెయ్యి సర్వర్లకు అది కుదరదు. ఆ వెయ్యింటి ముందు నిలిచే రెండు ఫైర్‌వాళ్లకు, లోపలికి వెళ్లే ఏకైక లాగిన్ సర్వర్‌కు బాగా కుదురుతుంది. ఫ్రీబీఎస్‌డీ నిల్వ సర్వర్లకు, జెడ్ఎఫ్ఎస్ ఫైల్ వ్యవస్థ కోసం, పరిశీలించదగినది.

విండోస్ తప్పనిసరి అయినవారు డెస్క్‌టాప్ ఉన్నది కాక సర్వర్ కోర్‌ను పెట్టాలి. దాడికి దొరికే భాగాలు తగ్గుతాయి, ప్యాచ్‌లూ తగ్గుతాయి. అంతకుమించి ఈ పోలికలో దానికి నేను చోటు ఇవ్వడం లేదు. ఒక్క మాట మాత్రం విండోస్ వారికీ లినక్స్ వారికీ వర్తిస్తుంది: 2024 జులై 19న భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలిపోయాయి. కెర్నెల్ లోపల కూర్చునే ఏ రక్షణ ఏజెంట్ అయినా ముందు ఒక శాతం సర్వర్లలోకి, ఒక రోజు ఆగి పది శాతంలోకి, ఆ తర్వాతే మిగతావాటిలోకి వెళ్లేలా మీ చేతిలో పగ్గం ఉండాలి. ఆ పగ్గం ఇవ్వని ఏజెంట్‌ను కొనకపోవడమే మేలు.

బిగింపు ఎంతవరకు

ఏ వ్యవస్థను ఎంచుకున్నా సీఐఎస్ బెంచ్‌మార్క్ మొదటి స్థాయితో మొదలు పెట్టండి. రెండో స్థాయి, అమెరికా రక్షణ శాఖ స్టిగ్ నియమాలు అవసరం ఉన్నవారికి మాత్రమే. మొదటి రోజే అన్నీ బిగించినచోట ఏమవుతుందో చూశాను: తాత్కాలిక డైరెక్టరీలో ప్రోగ్రాములు నడపరాదన్న నియమం వల్ల ఒక ఇన్‌స్టాలర్ ఆగింది, కారణం తెలియక ఆ జట్టు మొత్తం ప్రొఫైల్‌నే తీసేసింది. నియమాలు ఎంతవరకు పాటిస్తున్నారో ఓపెన్‌స్క్యాప్‌తో వారానికోసారి కొలవండి, తప్పిన నియమాన్ని అన్సిబుల్ ఆటోమేషన్ సాధనంతో సరిదిద్దండి, మినహాయించిన ప్రతి నియమానికి కారణమూ తేదీ రాసి ఉంచండి.

దూరంగా ఉన్న సర్వర్లకు డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఒక చిక్కు తెస్తుంది: కరెంటు పోయి వచ్చాక వంద సర్వర్లకు పాస్‌ఫ్రేజ్ ఎవరు కొడతారు? టాంగ్ సర్వర్, క్లెవిస్ క్లయింట్ జంట దీనికి తగిన జవాబు. తన నెట్‌వర్క్‌లో ఉన్నంతకాలం సర్వర్ తానే తాళం తీసుకుంటుంది, డిస్కును ఊడదీసి పట్టుకుపోతే తెరుచుకోదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇది బాగా కుదురుకుంది, ఉబుంటు, డెబియన్లలోనూ దొరుకుతుంది. టాంగ్ సర్వర్లు కనీసం రెండు ఉండాలి, అవి వేర్వేరు ర్యాకుల్లో ఉండాలి.

మన దేశంలో సర్వర్లు నడిపేవారికి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కూడా ఎంపికలో భాగమే. సైబర్ ఘటన గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగులను 180 రోజులు దేశంలోనే ఉంచాలి, గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయంతో కలపాలి. ఆడిట్‌డీ, జర్నల్ లాగులు సర్వర్ నుంచి వెంటనే బయటికి పోని వ్యవస్థలో ఆరు గంటల గడువు వట్టి కాగితం మీదే ఉంటుంది.

నా ఎంపిక

సెలినక్స్ తెలిసినవారు ఒక్కరైనా ఉండి, రకరకాల పాత అప్లికేషన్లు ఉన్న సంస్థకు ఆల్మా 9 లేదా 10, ధ్రువీకరణ అడిగే సర్వర్లకు మాత్రం రెడ్‌హ్యాట్. అలాంటివారు లేక, కుర్రవాళ్లందరూ ఉబుంటు మీద పెరిగినవారైతే ప్రో చందాతో ఉబుంటు; చందా లేని ఉబుంటు వద్దు. పని మొత్తం కుబర్నెటిస్ మీద ఉంటే నోడ్లకు టాలోస్, దాని చుట్టూ ఉండే డేటాబేస్, బ్యాకప్ సర్వర్లకు పైవాటిలో ఒకటి. ఒకేసారి మూడు కుటుంబాలను పెట్టుకోవద్దు. ఐదుగురి జట్టు రెండింటిని మించి మోయలేదు.

సంతకం పెట్టే ముందు ఇరవై సర్వర్ల మీద నెల రోజులు అసలు అప్లికేషన్లతోనే నడిపి చూడండి. ఒక కెర్నెల్ సవరణ విడుదలైన గంట నుంచి ఇరవైలో చివరి సర్వర్‌కు చేరిన గంట దాకా ఎంత సమయం పట్టిందో, ఆ నెలలో ఎవరైనా ఎన్నిసార్లు రక్షణను ఆపివేయాలని అడిగారో, అడిగిన ప్రతిసారీ అసలు కారణం దొరికిందో లేదో ఒక పుస్తకంలో రాసుకోండి. మా చోట ఆ పుస్తకం పెట్టిన మొదటి నెలలో అలా అడిగింది పదకొండు సార్లు. అందులో తొమ్మిది లేబుల్ తప్పులే.